ఎంగిలి గిన్నె కడగని ఇంటికి కుక్కపిల్ల లేదు

"మీ ఇంట్లో తన ఎంగిలి గిన్నె తాను కడుక్కోలేనోళ్లు ఎంతమందన్నా?"

కుక్కపిల్ల కావాలని వచ్చినవాళ్లను హనుమంతమ్మ మొదట అడిగే మాట అదే. పెద్దకడుబూరు నుంచి పత్తి బండి తోలుకొచ్చిన అయ్యన్న ఆ మాటకు తెల్లమొహం వేశాడు. మిల్లు కాటా దగ్గర తన వంతు రావడానికి ఇంకా పదహారు బండ్లు ముందున్నాయి. ఊరికే కూర్చోలేక గింజల గోదాము వెనక్కి వచ్చి, పత్తిగింజల కుప్పలో వెచ్చగా పడుకున్న నాలుగు పిల్లల్నీ చూసి ముచ్చటపడి, నల్లదాన్ని ఇమ్మన్నాడు పాపం. ఏం పెట్టి పెంచుతావని అడుగుతుందనుకున్నాడు గాని, గిన్నెల సంగతి తీస్తుందని కలగన్నాడా!

"గిన్నెలేందక్కా? నేను అడిగింది కుక్కపిల్లను."

"నేను అడిగేదీ దాని గురించే. ఇంట్లో పసిబిడ్డలుండారా?"

"మనవరాలుండాది. రెండేండ్లది. దాని కోసరమే గదా! ఆడుకుంటాదని."

"అయితే లేదు, పో అన్నా."

పక్కన పత్తి బోరాల మీద కూర్చుని బీడీలు కాలుస్తున్న హమాలీలు ఫక్కున నవ్వారు. "పిల్లనడగనీకి పోయినా ఇన్ని ఆరాలు తియ్యరు గదా హనుమక్కా!" అన్నాడొకడు.

"తియ్యరు కాబట్టే నేను ఈడ తేలినాను. మా నాయన ఆ పొద్దు ఒక్క మాటంటే ఒక్క మాట అడిగింటే సాలు. నన్నెట్లా సూడకుండా ఇచ్చినారు, కుక్కలనన్నా సూసి ఇయ్యనీండప్పా" అంది హనుమంతమ్మ, నల్లపిల్లను మళ్లీ తల్లి పొట్ట కిందికి తోస్తూ. హమాలీలు ఇంకా గట్టిగా నవ్వారు. ఆమె నవ్వలేదు.

అది ఎనభై తొమ్మిదో సంవత్సరం, పత్తి ముమ్మరంగా వచ్చే చలికాలం. ఆమెకు నలభై రెండేళ్లు. పదిహేడో ఏట పెళ్లయి ఆదోని వచ్చిన వారానికే అత్త ఎల్లమ్మ చెయ్యి పట్టి తెచ్చి ఈ మిల్లులో పత్తి ఏరే పనిలో కూర్చోబెట్టింది. కోడికూతకు లేచి, నీళ్లు మోసి, జొన్నరొట్టెలు కొట్టి, అందరికీ సద్ది కట్టి, మిల్లుకు వచ్చి కొండంత కుప్ప ముందు కూర్చుని, ఆకూ పుల్లా పుచ్చుకాయా ఏరి పక్కన పెట్టాలి. నూగు ముక్కులోకి పోతుంది, గొంతులోకి పోతుంది, తల నెరవకముందే తెల్లబడుతుంది. సాయంత్రం ఇంటికి పోతే మళ్లీ పొయ్యి. అదే మిల్లులో బోరాలు మోసే మొగుడు తిక్కయ్య మాత్రం ఇంటికి పోగానే అరుగు మీద కాళ్లు బారజాపి, "మోసి మోసి నడుము ఇరిగింది. నీకేముండాదిలే, నీడలో కూసోని ఆకు ఏరేదే గదా" అంటాడు. ఇరవై అయిదేళ్ల నుంచి అదే మాట. నీడలో కూర్చున్న మనిషి నడుము ఎట్లా ఉందని ఒక్కనాడు అడిగిన పాపాన పోలేదు. ఆ మనిషి తిన్న గిన్నె తిన్నచోటనే వదిలేసి లేస్తాడు. గిన్నెకు కాళ్లొచ్చి కుండీ దగ్గరికి పోయి, కడుక్కుని, తిరిగొచ్చి బోర్లా పడుకుంటుందని ఆయన నమ్మకం కాబోలు.

చలి పడిందంటే ఆదోనిలోని వీధికుక్కలు గింజల గోదాములో పిల్లల్ని పెడతాయి. గింజల కుప్పలో చెయ్యి పెట్టి చూడండి, ఎంత వెచ్చగా ఉంటుందో. పదహారేళ్ల కిందట మేస్త్రి ఓబన్న అట్లా పుట్టిన అయిదు పిల్లల్ని గోనెసంచిలో మూటగట్టి, ఆమె చేతికిచ్చి, "కాలవలో ఇడిసిపెట్టి రా పో" అన్నాడు. ఇట్లాంటి పనులు ఆడవాళ్లకే చెబుతారు. మగవాళ్లకు మనసు ఒప్పదట! ఆమె సంచి చంకన పెట్టుకొని కాలువ గట్టుదాకా పోయింది. సంచిలోని వెచ్చదనం పక్కటెముకలకు తగులుతూనే ఉంది. గట్టు మీద కాసేపు నిలబడి, వచ్చిన దారినే వెనక్కి వచ్చి, పత్తి దించేసి ఖాళీగా తిరిగిపోయే బండ్లవాళ్లను ఒక్కొక్కరినే బతిమాలి, అయిదింటినీ అయిదు ఊళ్లకు ఎక్కించింది. అప్పటి నుంచి ప్రతి ఏడూ అదే పని. ఓబన్న మొదట కసిరినా, తన పని తప్పుతోందని తెలిశాక ఊరుకున్నాడు. ఇప్పుడు ఈ చుట్టుపక్కల ఊళ్లలో హనుమంతమ్మ ఇచ్చిన కుక్క మొరగని వీధి లేదు.

మొదట్లో ఆమె ఎవరినీ ఏమీ అడిగేది కాదు. తీసుకుపోతామంటే చాలు, దండం పెట్టి ఇచ్చేది. రెండో ఏడు గోనెగండ్ల రైతు ఒకాయన మంచి గోధుమరంగు పిల్లను ఒళ్లో పెట్టుకొని పోయాడు. మరుసటి ఏడు పత్తి తెచ్చినప్పుడు, "ఎట్లుండాది మన పిల్ల?" అని ఆశగా అడిగింది. "యాడిదక్కా! మా సిన్నోడు దాని కంట్లో పుల్ల పొడిసినాడు. అది సెయ్యి కరిసింది. సంపేసినాము. అయినా ఆ పిల్లోని తల్లికి బుద్ధుండొద్దా, సూసుకోకుండా ఏం జేస్తాండాదో" అన్నాడాయన, ఎద్దులకు మేత వేస్తూ. ఇంకో ఏడు ఇంకో ఊరి కబురు. ఒకచోట తోక తొక్కారు, ఒకచోట నిద్రపోయేదాని మీద పడ్డారు, ఒకచోట తినేదాని గిన్నెలో చెయ్యి పెట్టారు. ఊరు మారేది గాని కథ మారలేదు. కుక్క చచ్చేది, తల్లి తిట్లు తినేది, తక్కినవాళ్లంతా అన్నం తినేవాళ్లు.

పత్తి ఏరుతూ కూర్చున్న చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, ఆమె మనసు ఈ సంగతే తిప్పి తిప్పి ఆలోచించేది. బిడ్డ చెడ్డది కాదు. రెండేళ్ల బిడ్డకు తోకంటే తాడు, చెవంటే గుడ్డపీలిక. కుక్కా చెడ్డది కాదు. నొప్పి పుడితే "నొప్పి" అని చెప్పడానికి దానికి ఉన్నది ఒక్క నోరే, ఆ నోట్లో పళ్లున్నాయి. గుర్రుమంటుంది, పక్కకు జరుగుతుంది, ఓర్చుకుంటుంది, ఇంక ఓర్చుకోలేక కరుస్తుంది. చెప్పుకోలేని ఈ రెండు ప్రాణుల మధ్య ఎవరో ఒకరు రోజంతా నిలబడి, ఇటు చెయ్యి లాగుతూ, అటు మూతి తిప్పుతూ ఉండాలి. ఆ నిలబడేది ఎవరు? బిడ్డను ముద్దు చేసే తండ్రా? కుక్కను తెచ్చిన తాతా? పొయ్యి మీద ఒక కన్ను, ఉయ్యాల మీద ఒక కన్ను పెట్టి, చీపురు చేతబట్టిన ఆడదే. దాని మొహాన మూడో కన్నెక్కడ ఉంది? పైగా కుక్కపిల్ల అంటే ఊరికే వస్తుందా! దాని ఉచ్చ, దాని దొడ్డి, దాని గంజి, అది కొరికేసిన చెప్పు, అన్నీ దానితోనే వస్తాయి. కావాలని అడిగేది పిల్లలు, తెచ్చి మెప్పు పొందేది మగవాళ్లు, ఎత్తిపోసేది ఆడవాళ్లు. అందుకే ఆమె ఒక కట్టుబాటు పెట్టింది. బిడ్డ తన ఎంగిలి గిన్నె తాను కడుక్కునే వయసు వచ్చేదాకా ఆ ఇంటికి కుక్కపిల్ల లేదు. గిన్నె కడుక్కునే బిడ్డకు ఇంకొకరి కష్టం కాస్త తెలుస్తుంది. ఇంకొకరి తోక కూడా నొప్పి పుడుతుందని తెలుస్తుంది.

"కుక్కలకు కూడా మడి కట్టినావు గదనే!" అని తోటి ఆడవాళ్లు ఎగతాళి చేశారు. చెయ్యనీ. పన్నెండేళ్లుగా ఆ కట్టుబాటు ఒక్కసారి కూడా తప్పలేదు.

ఇప్పుడు తప్పించడానికి సొంత కొడుకే బయల్దేరాడు.

కొడుకు ఉరుకుందు ఎమ్మిగనూరులో మగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. కాపురం అక్కడే. వాడికి రెండున్నరేళ్ల కొడుకు ఈరేశు, హనుమంతమ్మ ప్రాణమంతా వాడిలోనే ఉంది. పది రోజుల కిందట తిక్కయ్య ఎమ్మిగనూరు పోయి, మనవడిని మోకాళ్ల మీద ఊపుతూ, "నీకు నల్ల కుక్కపిల్ల ఇస్తా రా. మీ అవ్వ కాడ బండెడు ఉండాయి" అని మాటిచ్చి వచ్చాడు. తన సొమ్మేదో ఇచ్చినట్టు! తర్వాత ఆదివారం ఆమె పోయినప్పుడు కోడలు దేవమ్మ ఒక చేత్తో ఏడ్చే ఈరేశును చంకలో అదిమి పట్టుకొని ఇంకో చేత్తో రొట్టె కొడుతోంది. ఎనిమిదో నెల. కాళ్లు నీరుపట్టి ఉన్నాయి. రొట్టె పెనం మీద వేసి, వెనక్కి తిరక్కుండానే చిన్నగా అంది:

"అత్తా, మామ కుక్కపిల్లకు మాటిచ్చిపోయినాడు. ఈ బిడ్డ ఒకటి, కడుపులో బిడ్డ ఒకటి. ఇంగ దాని ఉచ్చ గూడా నేనే ఎత్తల్లనా? వద్దంటే నీ కొడుకు ఇనడు. బిడ్డ సరదా నీకు కంటగింపా అంటాడు. నువ్వన్నా సెప్పత్తా."

ఆ "సెప్పత్తా" అనే మాట హనుమంతమ్మ గుండెలో ముల్లులా దిగింది. ఎందుకంటే పందొమ్మిదేళ్ల కిందట ఆమె కూడా ఒక అత్తను నోరు తెరిచి ఒక మాట చెప్పమని బతిమాలింది. ఆ అత్త చెప్పలేదు.

ఊళ్లో అందరికీ తెలిసిన కథ ఇది. డెబ్బయ్యో సంవత్సరం చలికాలం. ఉరుకుందుకు మూడేళ్లు. ఇంట్లో కర్రి అని ఒక నల్లకుక్క ఉండేది. హనుమంతమ్మ మిల్లులో ఉండగా అది పిల్లవాడి చెయ్యి కరిచింది. తిక్కయ్య దసరా రాత్రి దేవరగట్టు కర్రల సమరానికి పట్టుకుపోయే ఇనుప పొన్నుల కట్టె తీసుకొని ఆ కుక్కను అక్కడికక్కడే చంపేశాడు. పిల్లవాడికి బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పడ్డాయి. రోజుకొక సూది. పద్నాలుగు రోజులూ ఆమె వాణ్ని భుజాన వేసుకొని ఆసుపత్రికి నడిచింది. పొట్ట గట్టిపడి వాడు తాకనిచ్చేవాడు కాదు. సూది చూడగానే ఆమె మెడను కరుచుకొని, "వద్దు మా, వద్దు మా" అని అరిచేవాడు. ఆమే వాడి కాళ్లు రెండూ గట్టిగా పట్టుకోవాల్సి వచ్చేది. దారిలో ఎవరు ఎదురైనా, "ఏం తల్లివమ్మా, కన్నబిడ్డను కుక్కకు ఇడిసిపెట్టి యాడ సచ్చినావు?" అనేవాళ్లు. ఆమె తల వంచుకొని పోయేది.

ఆ మాట తిక్కయ్య చేతికి కర్రలాగా దొరికింది. కూరలో ఉప్పు తగ్గినా అదే, రొట్టె మాడినా అదే, పుట్టింటికి పోతానన్నా అదే. "బిడ్డను కుక్కకేసిన ఆడది, అదీ మాట్లాడేదే!" కొడుకు ఆ మాట వింటూ పెరిగాడు. ఎన్నడూ తల్లిని ఎదురుగా తప్పుపట్టలేదు గాని, ఎదురుగా సమర్థించనూ లేదు. అరచేతి మీద మచ్చ చూసుకున్నప్పుడల్లా వాడి కళ్లు ఆమె మీదికి ఒక్క క్షణం వచ్చి పోయేవి. ఆ ఒక్క క్షణం ఆమెకు చాలు, రాత్రి అన్నం సహించేది కాదు.

ఆ కథలో ఒక ముక్క తక్కువ. అది ఆమెకు, అత్తకు, తిక్కయ్యకు, నోరు విప్పని ఆయన జతగాళ్లకు మాత్రమే తెలుసు. అత్త మట్టిలో కలిసిపోయింది. ఆ ముక్కను హనుమంతమ్మ పందొమ్మిదేళ్లు పళ్ల వెనక దాచిపెట్టింది.

మధ్యాహ్నం గంట కొట్టే వేళకు ఉరుకుందు రానే వచ్చాడు. షెడ్డుకు సెలవట. భుజం మీద ఈరేశు, ఎర్ర అంగీ, కళ్లకు కాటుక. "అవ్వా!" అని వాడు చేతులు చాచేసరికి ఆమె పత్తి నూగు దులుపుకొని ఎత్తుకొని, ముద్దులతో ముంచింది. తిక్కయ్య గోదాము గోడ నీడలో సద్ది గిన్నె తెరిచి రొట్టె విరుచుకుంటున్నాడు. అయ్యన్న, ఇంకో నలుగురు బండ్లవాళ్లు, హమాలీలు, అందరూ అక్కడే తింటున్నారు.

"యాడమ్మా ఆ నల్లది? బస్సుకు పోవల్ల" అన్నాడు ఉరుకుందు.

"దేవమ్మ ఎట్లుండాది?"

"బాగుండాది. కుక్కపిల్ల యాడ?"

"దేవమ్మ అడిగిందా కుక్కపిల్లను?"

"దాన్ని అడిగేదేముంది? నా బిడ్డ అడిగినాడు, మా నాయన మాటిచ్చినాడు."

"అట్లయితే మీ నాయన కంటాడులే కుక్కపిల్లను. నేనియ్యను." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఇయ్యనని నీకు తెలుసు. ఊరోళ్లకు ఒక న్యాయం, నా కొడుక్కు ఒక న్యాయమా?"

అయ్యన్న రొట్టె నమలడం ఆపాడు. ఉదయం తనకు చెప్పిన మాటే కొడుక్కూ చెబుతోంది. హమాలీలు నవ్వుదామా వద్దా అన్నట్టు తిక్కయ్య వైపు చూశారు. ఆ చూపు తిక్కయ్యకు తగిలింది. నలుగురిలో మాట పడిపోతే మీసం పడిపోయినట్టే ఆయనకు.

"ఏమే, నేను మాటిచ్చినానంటే ఇచ్చినట్టే. బిడ్డకన్నా కుక్క ఎక్కువైందా నీకు?"

"బిడ్డ ఎక్కువ కాబట్టే వద్దంటాండా."

ఉరుకుందు మొహం ఎర్రబడింది. "ఇంతమందిలో నన్ను ఉత్త చేతులతో పంపిస్తావా? సరే మా. ఇయ్యకుంటే నా గడప తొక్కొద్దు. ఈరేశును సూడనీకి గూడా రావొద్దు."

చంకలోని ఈరేశు ఆమె తలలోని పత్తి నూగు ఏరుతున్నాడు. వీణ్ని చూడకుండా నెలకు నెల ఎట్లా గడపాలి? ఇచ్చేస్తే పోలేదా? నాలుగు కాళ్ల పిల్ల ఒకటి. నాలుగు రోజులు దేవమ్మ తిట్టుకుంటుంది, తర్వాత అలవాటు పడుతుంది. తను పడలేదా అలవాటు? ఆ ఆలోచన రాగానే ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. సరిగ్గా ఇదే మాట అత్త ఎల్లమ్మ అనేది, "నేను పడలేదా" అని. ఒక ఆడది పడింది కాబట్టి ఇంకో ఆడదీ పడాలని ఏ శాస్త్రంలో రాసి ఉందో!

ఇంతలో ఈరేశు జారి కిందికి దిగాడు. బుడిబుడి నడకతో గింజల కుప్ప దగ్గరికి పోయి, నల్లపిల్ల తోక పట్టుకొని ఈడ్చాడు. పిల్ల కుయ్యిమంది. తల్లికుక్క ఎర్రది, పక్కటెముకలు కనబడే బక్క జీవం, తల ఎత్తి గుర్రుమంది. పెదవి పైకి లేచింది, పళ్లు కనిపించాయి.

తిక్కయ్య తొడ చరిచి నవ్వాడు. "లాగురా! భయపడద్దు, లాగు! మొగోడివి కాదా నువ్వు?"

హనుమంతమ్మ ఎట్లా దూకిందో ఆమెకే తెలియదు. మనవడి వేళ్లు విప్పి, వాణ్ని ఎత్తి చంకన వేసుకొని, కుక్కకూ మనుషులకూ మధ్య నిలబడింది. తిక్కయ్య అప్పటికే చేతికందిన బండి కర్ర పట్టుకొని లేచాడు.

"కుక్క నా మనవని మీదికొస్తాదా? పక్కకు జరుగే!"

"జరగను. ఆ కర్ర కింద పెట్టు. ఒకసారి సంపింది సాలదా?"

ఆమె గొంతు మిల్లు చప్పుడును దాటి వినిపించింది. బండ్ల దగ్గర ఉన్నవాళ్లు కూడా తల తిప్పారు.

"ఉరుకుందూ, ఇంటాండావా? ఇప్పుడు మీ నాయన ఏమన్నాడో ఇన్నావు గదా. నీకు మూడేండ్లప్పుడు గూడా ఇదే మాట అన్నాడు. ఆ పొద్దు అమాస. అమాసనాడు రైతులు ఎద్దుల మెడ మీద కాడి పెట్టరు. బండ్లు రావు, బోరాలు ఉండవు, మొగోళ్లకు పని లేదు. మాకు మాత్రం ముందురోజు కుప్ప ఏరేది ఉంటాది, ఆడోళ్లకు అమాస లేదు. నేను మిల్లులో ఉండాను. నిన్ను సూసుకుంటా అని ఇంట్లో ఉండింది మీ నాయన. జతగాళ్లను పిలిసి, పొట్టేలు కూర వండించుకొని తిని, ఎముక కర్రికి ఏసినాడు. ఏసి, ‘పోరా, దాని నోట్లోది లాక్కో రా, మొగోడివి కాదా నువ్వు’ అని నిన్ను పంపించినాడు. జతగాళ్ల ముందర కొడుకు మొగతనం సూపీయనీకి! నువ్వు పోయి దాని నోట్లో సెయ్యి పెట్టినావు."

తిక్కయ్య కర్ర పట్టుకున్న చెయ్యి సగంలో ఆగింది.

"మీ జేజి, మా అత్త, కండ్లారా సూసింది. నేను ఉరుక్కుంటా ఇంటికొస్తే గడపలోనే సెయ్యి పట్టుకొని సెప్పింది. ఈ ఒక్క మాట నలుగురికీ సెప్పత్తా అని కాళ్లు పట్టుకున్నా. ‘మొగోని మీద మాట రానియ్యగూడదే. నువ్వే సూసుకోలేదని ఒప్పుకో. ఆడదానికి నింద కొత్తా?’ అనింది. ఒప్పుకున్నా. ఆ పొద్దు నుంచి ఈ పొద్దు దాకా ఒప్పుకుంటానే ఉండా."

"అబద్ధం!" తిక్కయ్య గొంతు చీలిపోయింది. "దీనికి మతి పోయింది. పందొమ్మిదేండ్లు లేంది ఈ పొద్దు గుర్తొచ్చిందా నీకు?"

"గుర్తు ఎప్పుడూ ఉండాది. ఈ పొద్దు నోరొచ్చింది." ఆమె మొగుడి వైపు తిరగనే లేదు, కొడుకు మొహంలోకే చూస్తోంది. "ఇంకొకటి గూడా ఇను. ఆసుపత్రిలో డాక్టరు మొదట అడిగిన మాట ఏం తెలుసా? కుక్క యాడుందమ్మా అని. సంపేసినారయ్యా అంటే తల కొట్టుకున్నాడు. ‘బతికుంటే పదిరోజులు కట్టేసి చూసేవాళ్లం కదమ్మా. అది నిక్షేపంగా ఉంటే సూదులు అక్కడితో ఆపేసేవాళ్లం. చంపుకున్నారు, ఇంక పద్నాలుగూ వేయించుకోవాల్సిందే’ అన్నాడు. కర్రికి పిచ్చి లేదు రా. పొద్దున నా సేతి గంజి తాగిన కుక్క. నీ సేతి మీద మచ్చ కుక్కది. నీ కడుపులో పడిన సూదుల్లో ఆఖరి నాలుగూ మీ నాయన కట్టెవి."

ఉరుకుందు చెయ్యి తనకు తెలియకుండానే బొడ్డు మీదికి పోయింది. "నిజమా నాయనా?" అన్నాడు. చాలా చిన్నగా అడిగాడు, మూడేళ్ల పిల్లవాడు అడిగినట్టే.

తిక్కయ్య ఏదో అనబోయి, చుట్టూ ఉన్న మొహాలు చూసి, కర్ర బండి పక్కన పడేసి, "తిననియ్యరు గదా మనిషిని" అని గొణుక్కుంటూ సద్ది ముందు కూలబడ్డాడు. అబద్ధమని రెండోసారి అనలేదు. కొడుక్కు అది చాలు.

ఉరుకుందు వచ్చి ఆమె చంకలోని బిడ్డను తీసుకున్నాడు. కోపంగా తీసుకున్నాడో, బాధతో తీసుకున్నాడో ఆమెకు అంతుబట్టలేదు. ఈరేశు నల్లపిల్ల వైపు చేతులు చాచి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వింటూనే ఆమె చేతులు కట్టుకుంది.

"వాడు తన గిన్నె కడుక్కునే వయసుకు రా. నా సేతులతో మంచి పిల్లను ఏరి ఇస్తా. అంతకు ముందు నువ్వు నీ గిన్నె కడుక్కోవడం నేర్సుకో, వాడు నిన్ను సూసి నేర్సుకుంటాడు. గడప తొక్కొద్దన్నావు గదా, తొక్కనులే. దేవమ్మనే కాన్పుకు నా గడపకు పంపించు. ఆ పిల్లకు కాళ్లు నీరుపట్టినాయి, సూసినావా నువ్వు?"

వాడు బిడ్డను భుజానికి అదుముకొని గేటు దాకా పోయాడు. అక్కడ ఆగి, వెనక్కి తిరిగి చూశాడు. ఈసారి ఆ చూపు మచ్చ మీంచి ఆమె మీదికి వచ్చింది కాదు. సూటిగా ఆమెనే చూశాడు, కొత్త మనిషిని చూసినట్టు. తర్వాత బస్సుకు పోయాడు. దేవమ్మను పంపిస్తాడో లేదో ఆమెకు తెలియదు. పంపకపోతే తనే పోయి, గడప బయట నిలబడి అయినా పిలుస్తుంది. అది నిశ్చయం చేసుకుంది.

కూర్చుని తన రొట్టె తింది. చల్లారిన రొట్టె, చెనిక్కాయల పొడి. ఆశ్చర్యం, గొంతులో ఏదీ అడ్డం పడలేదు. ఎర్రకుక్కకు ఒక ముక్క వేసింది. కుండీ దగ్గరికి పోయి తన గిన్నె కడుక్కుంటుంటే, పక్కన అయ్యన్న తన సద్ది గిన్నెను బూడిదతో తెగ తోముతున్నాడు. అంత వయసొచ్చినా తోమడం చేతకాక అంగీ అంతా తడుపుకున్నాడు.

"సూడక్కా, నేనే కడుక్కుంటాండా" అన్నాడు, సిగ్గూ నవ్వూ కలిపి.

"ఈడ కాదన్నా, ఇంటి కాడ కడుగు. నాలుగేండ్లకు నీ మనవరాలు కడిగినప్పుడు రాండి, ఇద్దరూ."

గంట కొట్టారు. ఆమె కుప్ప ముందుకు పోయి కూర్చుని ఆకు ఏరడం మొదలుపెట్టింది. తిక్కయ్య తినడం ముగించి, చెయ్యి గిన్నెలోనే కడిగి, ఎప్పటిలాగే దాన్ని అక్కడే వదిలేసి బోరాల వైపు పోయాడు. ఇరవై అయిదేళ్లలో మొదటిసారి ఆ గిన్నె వెనకే ఎవరూ లేవలేదు. ఈగలు వాలాయి. అటుగా పోతున్న మేస్త్రి ఓబన్న దాన్ని కాలితో తాకి, "హనుమక్కా, మీ ఆయన గిన్నె ఈడనే ఇడిసిపెట్టినావే" అన్నాడు.

హనుమంతమ్మ చేతిలోని పత్తి మీంచి తల ఎత్తలేదు.

"సూసినాలే అన్నా. అది ఆయన గిన్నె. కడుక్కోనీకి సేత కాదంటే వచ్చి సెప్పమను, పసిబిడ్డల లెక్కలో ఏసుకుంటా."